చకు చ ఒత్తు ఇస్తే

మార్చి 4, సోమవారం

ఊళ్ళో పిల్లలందరికీ ఒత్తులు నేర్పిన మా అక్క నాకు మాత్రం నేర్పలేదు.

ఈ మాట ఇన్నేళ్ళూ నోటితో అన్నానే గాని కాగితం మీద పెట్టలేదు. పెట్టడం రాదు కాబట్టి. ఇప్పుడు పెట్టాను. చూసుకుంటే నోటితో అన్నప్పటికంటే గట్టిగానే ఉంది.

అప్పుడు రెండో తరగతి. అక్షరాలు అయ్యాయి, గుణింతాలు అయ్యాయి. మాస్టారు బోర్డు మీద అమ్మ అని రాసి, కింద వేలాడే దాన్ని బెత్తంతో చూపించి, దీన్ని ఒత్తంటారు, రేపటి నుంచి ఇవే అన్నారు. ఆ రేపు పొద్దున అక్క వచ్చి తరగతి గుమ్మంలో నిలబడింది. నాన్న రమ్మంటున్నాడంది. చెయ్యి పట్టుకుని తీసుకుపోయి సీట్లు కుట్టే షెడ్డులో నన్ను వదిలి, తను మళ్ళీ బడికి పోయింది. నేను షెడ్డులోనే ఉండిపోయాను. బస్సు సీట్లు, లారీ సీట్లు, ఆటో సీట్లు. రెక్సిన్, స్పాంజి, దబ్బనం. గడ్డం మొలిచిందీ అక్కడే, నెరిసిందీ అక్కడే.

అక్క చదివి పంతులమ్మ అయింది. ఎవరెవరి పిల్లలనో పక్కన కూర్చోబెట్టుకుని వేలు పట్టి దిద్దించింది. ఒక్కనాడైనా, ఒరేయ్ తమ్ముడూ, ఇలా కూర్చో, నీకు ఆగిపోయిన పాఠం చెప్తాను అనలేదు. నువ్వు అడగలేదుగా అంటారు. నేనెందుకు అడగాలి? గుమ్మంలోకి వచ్చి పిలిచింది నేనా?

ఆవిడ రిటైరైన రోజు సభ పెట్టారు. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆవిడ మైకు పట్టుకుని, మా తమ్ముడు చదువు లేకపోయినా పైకొచ్చాడు అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను లేచి వచ్చేశాను. ఆనాటి నుంచి మాటల్లేవు.

ఇప్పుడు అక్కకి గొంతులో జబ్బు చేసి ఆపరేషన్ అయింది. మాట పోయింది. వినపడుతుంది గాని పలకలేదు. ఏదైనా ఫోనులో రాసి పంపాల్సిందే. పిల్లా జెల్లా లేరు, ఆవిడ తరఫున మాట్లాడేవాళ్ళూ లేరు. పోయిన నెలలో నాకు రాసింది. కోడలు చదివి వినిపించింది. తమ్ముడూ, మీ ఊరి పెద్దాసుపత్రిలో నాకు ఆరు వారాలు కరెంటు పెడతారట, ఏప్రిల్ ఒకటిన మొదలు, అన్నాళ్ళూ మీ ఇంట్లో ఉండనా, ఇబ్బందైతే మొహమాటపడకు. కరెంటంటే లోపల మిగిలిన జబ్బుని మిషన్ పెట్టి మాడుస్తారట.

ఏమని రాయమంటారు మామయ్యా అని కోడలు అడిగింది. నేనే రాస్తానన్నాను. ఆ పిల్ల నా ముఖం చూసింది. నా చేత్తో, ఒత్తులతో సహా రాస్తానన్నాను. ఆవిణ్ణి అక్క అని పిలవాలన్నా ఒత్తు కావాలి. అది తీసేస్తే అక అవుతుంది. అది పిలుపు కాదు, ఎక్కిళ్ళు.

కోడలు నా ఫోనులో పాఠాల వీడియోలు పెట్టిచ్చింది. మధ్యాహ్నం కొడుకు షెడ్డుకి, కోడలు ఆఫీసుకి పోయాక వెనక గదిలో స్పాంజి చుట్టల మీద కూర్చుని చూస్తున్నాను. రోజూ నాలుగు మాటలు సొంతంగా రాయమంది టీచరమ్మ. అందుకే ఈ పుస్తకం. రాని ఒత్తు దగ్గర ఖాళీ వదులుతాను.


మార్చి 5, మంగళవారం

క్క, గ్గ. అక్క, ముగ్గు, పగ్గం. వచ్చేశాయి.


మార్చి 6, బుధవారం

ఫోను చదువు గురించి నేను వెనక చాలా అన్నాను. సెల్లులో చదువేమిటి, సెల్లులో తింటే కడుపు నిండుతుందా అని కోడలి ముందే అన్నాను. వెనక్కి తీసుకోను గాని, కొంత సంగతి ఉంది.

టీచరమ్మకి విసుగు లేదు. గ్గ దగ్గర ఎన్నిసార్లు వెనక్కి లాగానో నాకే తెలియదు, మొదటిసారి చెప్పినంత నవ్వుతూనే చెప్పింది. మా షెడ్డు మేస్త్రీ రెండోసారి అడిగితే చెవి మెలిపెట్టేవాడు. మూడోసారి అడగాల్సిన పని ఉండేది కాదు, భయానికి వచ్చేసినట్టు తలూపేవాణ్ణి. ఈవిడ వయసెంత అని అడగదు. చేతులు వణుకుతున్నాయేమిటి అనదు. నేను బనీనుతోనే కూర్చున్నా ఆవిడకి పట్టదు.

బోర్డు మీద మాట రాసి, ఇదేమిటో చెప్పండి అని ఆగుతుంది. మనం చెప్పాలి. చెప్పాక, చాలా బాగా చెప్పారు అంటుంది. ఇంతవరకు ఒక్కసారి కూడా నేను తప్పు చెప్పలేదు.


మార్చి 9, శనివారం

పాఠం అయ్యాక వేలు తగిలి వేరే వీడియో వచ్చింది. ఎవడో కారు సీటు కుడుతున్నాడు. భాష తెలియదు, పని తెలుసు. వీడికేం వచ్చని చూశాను. మూల దగ్గర రెక్సిన్ మడత పడకుండా వేడిగాలి ఊదే మిషన్‌తో మెత్తబరిచి, బొటనవేలితో ఒత్తి లాగాడు. ముడత లేదు. నేను ఆ మూలల కోసం గోళ్ళు అరగదీసుకున్నాను. వేడినీళ్ళ గుడ్డ వేసేవాణ్ణి, అయినా ఒక చిన్న ముడత మిగిలేది. అది ఉండేదే అనుకున్నాను.

సాయంత్రం షెడ్డుకి వెళ్ళి మావాడికి చెప్పాను, ఇలా ఒక పద్ధతుందిరా అని. వాడు బల్ల కింద నుంచి ఆ మిషన్ తీశాడు. నేను ఎప్పటి నుంచో ఇదే చేస్తున్నా నాన్నా, మీరొచ్చినప్పుడు దాచేస్తా అన్నాడు. ఎక్కడ నేర్చావంటే, వీడియోలోనే అన్నాడు.

కాఫీ తాగకుండా వచ్చేశాను.


మార్చి 11, సోమవారం

ఇవాళ కష్టమైన రోజు.

మధ్యాహ్నం చ పాఠం పెట్టుకుని కునుకు తీశాను. లేచేసరికి ద పాఠం నడుస్తోంది. దకు ద ఒత్తు ఇస్తే ద్ద. పెద్ద, ముద్ద, వద్దు. సరే, అది దిద్దుకుని, పోయిన చ కోసం వేలితో వెనక్కి లాగాను. నెట్టు నీరసించి బొమ్మ బిగుసుకుపోయింది. మాట మాత్రం వెనక్కి వెళ్ళి చకు చ ఒత్తు ఇస్తే చ్చ, పచ్చ, మచ్చ, వచ్చు అని చెప్పుకుపోతోంది. బోర్డు మీద ఉన్నదే చూస్తూ, ఆవిడ మాట వింటూ దిద్దుకున్నాను. తీరా చూస్తే ద్దకి దిద్దిందీ ఇదే, చ్చకి దిద్దిందీ ఇదే.

నాకు అనుమానం వచ్చింది. చ, ద విడిగా ఉంటే పోలుస్తాను గాని, చిన్నప్పటి నుంచీ అవి నా కళ్ళకి కవలపిల్లలే. కిందొక ఒత్తు తగిలితే ఇక పోల్చలేను. అందుకని ఫోను దగ్గరగా పెట్టుకుని గట్టిగానే అడిగాను.

"రెండూ ఒకలాగే రాస్తారా అమ్మా?"

టీచరమ్మ కాస్త ఆగింది. "చాలా బాగా చెప్పారు" అంది.

అయితే ఒకటే. సందర్భాన్ని బట్టి చదువుకోవాలి కాబోలు. ఈ పద్ధతి నాకు నచ్చింది. కొంత మనిషి బుద్ధికి వదిలేశారు.


మార్చి 12, మంగళవారం

కోడలు ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. కూడబలుక్కుని మొత్తం చదివాను. తలుపు గట్టిగా మూయడం మరిచిపోవచ్చు. నా గురించే. మొన్న రెండుసార్లు తీసి వదిలేశాను. అయినా పెద్దవాణ్ణి కాబట్టి మరిచిపోవచ్చు అని అందరికీ తెలిసేలా రాసి పెట్టింది. మరీ ఇంత మంచితనం పనికిరాదు. నేనేం అంత ముసలివాణ్ణి కాను.


మార్చి 15, శుక్రవారం

బీపీ చూపించుకుందామని వెళ్ళి, క్లినిక్ గేటు ముందు స్కూటరు పెట్టాను. గోడ మీద ఇంతింత అక్షరాలతో ఉంది, ఇక్కడ బండ్లు నిలపవచ్చు అని. వాచ్‌మన్ వచ్చి, కళ్ళు కనపడట్లేదా పెద్దాయనా అని అరిచాడు. కనపడే పెట్టానన్నాను. చదువు రాదా అన్నాడు. ఆ మాటకి నా ఒళ్ళు మండింది. వచ్చు కాబట్టే పెట్టానన్నాను. నలుగురు పోగయ్యారు. గోడ మీద వచ్చు అని రాయించి, కింద మనిషిని పెట్టి అరిపిస్తున్నారు, ఇదేం ఆసుపత్రి అని అందరి ముందూ అడిగేశాను. ఒకాయన నా భుజం తట్టి స్కూటరు తనే పక్కకి జరిపాడు.

బీపీ ఎక్కువే ఉందన్నారు. ఉండదా మరి.


మార్చి 16, శనివారం

నెల సగం అయింది, ఇంకా రాయలేదా మామయ్యా అని కోడలు అడిగింది. ఒత్తులు పూర్తి కాలేదన్నాను.

"రా అని ఒక్క అక్షరం పెడితే సరిపోతుంది కదా. దానికి ఒత్తెందుకు?"

"ఒత్తు లేకుండా రాస్తే నవ్వుతుంది."

"ఆవిడ ఆపరేషన్ చేయించుకుని, మీ జవాబు కోసం ఫోను చూసుకుంటూ కూర్చుని ఉంటారు. నవ్వే ఓపిక ఎక్కడుంటుంది?"

"నువ్వు మా అక్కని చూడలేదు."

పోనీ వాయిస్ పెట్టండి, వింటారు కదా అంది. మాటదేముంది, మాటలు నాకు ఎప్పుడూ వచ్చు. ఆవిడ దగ్గర నాకు లేనిది మాట కాదు. ఇదంతా కోడలికి చెప్పలేదు. చెప్పుల స్టాండు సర్దాల్సిన పని ఉందని బయటికి వచ్చాను.

ఆలస్యం చేస్తున్నానా? చేయడం లేదు. పని పూర్తిగా చేస్తున్నాను. సగం కుట్టిన సీటు ఎవరైనా బండికి బిగిస్తారా?


మార్చి 19, మంగళవారం

రాశాను.

కోడలు ఆఫీసులో ఉంది. అది మంచిదే, పక్కన ఎవరన్నా ఉంటే నా వేళ్ళు మొరాయిస్తాయి. ఫోనులో అక్షరాలు కొట్టడానికి ఇంకో వీడియో ఉంది, అదీ చూశాను. అక్కా అని కొట్టాను, ఒత్తు దానంతట అదే కింద పడింది. తరవాత నువ్వు. దానికీ ఒత్తే. ర కొట్టి దీర్ఘం ఇచ్చి వ కొట్టేసరికి కింద వరసలో ఫోనే నాలుగు మాటలు చూపించింది. ఒకదాంట్లో నేను నేర్చిన ఆకారం చక్కగా ఉంది. పక్కదాంట్లో ఏదో మెలికలు ఎక్కువున్న అక్షరం, దానితో నాకు పనిలేదు. నేర్చినదే నొక్కాను.

అక్కా నువ్వు రావచ్చు.

మూడు మాటలు. మూడింటికీ ఒత్తులు. ఏ మాట వదిలిపెట్టలేదు. సందర్భాన్ని బట్టి చదువుకుంటుంది, పంతులమ్మ కదా.

పంపేశాక గదిలో అటూ ఇటూ తిరిగాను. ముందు గదిలో ఉన్న పాత స్పాంజి, కుట్టుమిషన్ తీయించాలి. కిటికీ దగ్గర గాలి వస్తుంది.


మార్చి 20, బుధవారం

చదివింది. చదివినట్టు నీలం గుర్తులు పడ్డాయి. జవాబు లేదు.


మార్చి 21, గురువారం

లేదు.


మార్చి 23, శనివారం

కుట్టుమిషన్ తీయించాను. మావాడు, అత్తయ్య వస్తున్నట్టేనా అన్నాడు. వస్తుందన్నాను. ఎప్పుడన్నాడు. నీ పని చూసుకో అన్నాను.

నాకు తెలుసు ఏం జరిగిందో. చూసి ఉంటుంది, తమ్ముడు ఒత్తులతో రాశాడే అని. మింగుడు పడి ఉండదు. ఎవరో రాసిపెట్టారు అనుకుని ఉంటుంది. అనుకోనీ.

టీచరమ్మ దగ్గరికి ఇవాళ వెళ్ళలేదు.


మార్చి 25, సోమవారం

ఫోను చేశాను. ఎత్తింది. ఎత్తినట్టు ఎలా తెలిసిందంటే ఊపిరి వినపడింది. గొంతు పోయాక ఊపిరి కూడా మారుతుంది కాబోలు, రెక్సిన్ మీద చెయ్యి రాసినట్టుంది.

ఎన్ని మాటలో కూడబెట్టుకున్నాను, ఒక్కటీ రాలేదు. ఆవిడకి గొంతు లేదని తెలిసి కూడా, ఆవిడే ముందు మాట్లాడాలని కాసేపు ఆగాను. తరవాత అన్నాను.

"నేను రాసింది చదివావు కదా. అదే నా మాట. నాకు రెండు మాటలుండవు, నీకు తెలుసు."

ఊపిరి ఆగింది. మళ్ళీ వచ్చింది. వేలితో ఫోను మీద ఒకసారి తట్టినట్టు వినపడింది. అర్థమైందని కాబోలు. తరవాత పెట్టేసింది.

గట్టిగానే చెప్పాను. మంచిదే. ఇక వస్తుంది.


మార్చి 26, మంగళవారం

ముందు గదికి కొత్త దుప్పటి.


మార్చి 28, గురువారం

పొద్దున మెసేజ్ వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని సొంతంగానే మొదలుపెట్టాను. సరే తమ్ముడూ, దాకా వచ్చింది. తరవాత లా అని ఒక మాట, అది తెలియలేదు. కోడలు ఆఫీసుకి బయలుదేరుతోంది. ఒక్క మాట చూడమ్మా అని ఇచ్చాను.

చెప్పులు వేసుకుంటూనే చదివింది. సరే తమ్ముడూ, లాడ్జిలో గది తీసుకున్నాను, ఆసుపత్రి పక్కనే, నువ్వేం మనసులో పెట్టుకోకు.

లాడ్జి ఏమిటి, నేను రమ్మన్నాను కదా అన్నాను. కోడలు వేలితో పైకి జరిపింది. చూసింది. చెప్పులు విప్పేసి వచ్చి నా పక్కన కూర్చుంది.

"మామయ్యా, ఇది మీరే రాశారా?"

"నేనే. ఏం, బాలేదా?"

"ఏమని రాశారు?"

"చదువుకున్నదానివి, నువ్వే చదువు. అక్కా నువ్వు రావచ్చు."

కోడలు నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. నా వేలు పట్టుకుని ఆ అక్షరం మీద పెట్టింది.

"ఇది ద్దు మామయ్యా. రావద్దు అని ఉంది."

రెండూ ఒకటేగా, సందర్భాన్ని బట్టి చదువుకోవాలిగా అన్నాను. కాదంది. ఎవరు చెప్పారంది. టీచరమ్మ చెప్పిందన్నాను. నేను అడిగానని, బాగా చెప్పారు అందని చెప్పాను. కోడలు కాగితం తెచ్చి రెండూ పక్కపక్కన ఇంత పెద్దవిగా రాసింది. ఒకదానికి మెలిక ఎక్కువ. కింద వేలాడేది కూడా వేరే. నేను అక్కర్లేదని పక్కకి నెట్టిన అక్షరం అది.

వచ్చు అనేది ఒకటి, వద్దు అనేది ఒకటి. ఫ్రిజ్ కాగితం వైపు చూశాను. క్లినిక్ గోడ గుర్తొచ్చింది. అవి పోనీ. సోమవారం నేను ఫోనులో అన్న మాట గుర్తొచ్చింది. అదే నా మాట, నాకు రెండు మాటలుండవు.

అక్క సందర్భాన్ని బట్టే చదువుకుంది. సభలోంచి లేచి వెళ్ళిపోయిన తమ్ముడు, ఇన్నేళ్ళు గుమ్మం తొక్కని తమ్ముడు రావద్దు అని రాస్తే, అందులో తప్పుందని ఎవరనుకుంటారు?

కోడలు ఆఫీసుకి సెలవు చెప్పింది. అక్కకి ఫోను చేసింది. స్విచాఫ్ అని వచ్చింది. మధ్యాహ్నం చేశాం, అదే. మావాడు షెడ్డు నుంచి చేశాడు, అదే. మీరు మాట్లాడి వాయిస్ పంపండి, ఫోను ఆన్ చేయగానే వింటారు అంది కోడలు. నేను వద్దన్నాను. ఇంకా ఈ పట్టుదల దేనికి మామయ్యా అంది, కొంచెం కోపంగానే. పట్టుదల కాదన్నాను. నిజంగానే కాదు. సోమవారం మాట్లాడి చూశాను కదా. నా నోటికి ఆవిడ దగ్గర సరైన మాట రాదు. వస్తే గిస్తే చేతికే రావాలి.


మార్చి 29, శుక్రవారం

పొద్దున టీచరమ్మని పెట్టాను. బోర్డు మీద పచ్చ అని రాసి ఇదేమిటో చెప్పండి అంది. నేను స్కూటరు అన్నాను. చాలా బాగా చెప్పారు అంది. ఇంకోసారి పెట్టి ఏమీ అనకుండా కూర్చున్నాను. అప్పుడూ బాగానే చెప్పానట.

కోడలు గుమ్మంలో నిలబడి వింటోందని నాకు తెలియదు. తీసెయ్యమంటారా ఆ వీడియోలు అంది. వద్దన్నాను. ఆ తల్లిని అనడానికి ఏముంది? ఏ జన్మలోనో ఎక్కడో కూర్చుని ఎవరి కోసమో చెప్పింది. నేనెవరో ఆవిడకి తెలియదు. ఆవిడ లేకపోతే ఈ పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదు. చూపించడం వరకు ఆవిడ పని చేసింది. నన్ను చూడటం ఆవిడ వల్ల కాదు. నేను తప్పు దిద్దుతుంటే, అది కాదు అని చెయ్యి పట్టుకునేవాళ్ళు ఇంట్లోనే ఉన్నారు. వాళ్ళు ఆఫీసుకి పోయేదాకా ఆగి, తలుపేసుకుని చదివింది నేను.

ఇవాళ తలుపు తీసే ఉంచాను. కోడలు పక్కన కూర్చుంది. ముందు ఈ పుస్తకం మొదటి నుంచి తిరగేశాం. ఎన్ని వచ్చాడులు వద్దాడులు అయ్యాయో, ఎన్ని ఇచ్చాడులు ఇద్దాడులు అయ్యాయో, అన్నీ దిద్దాను. ఖాళీలు నింపాను. అక్క గురించి రాసిన మొదటి పేజీ కోడలు చదివేసింది. సభలో ఆవిడ అలా అనకుండా ఉండాల్సింది అంది. ఆ ఒక్క మాట ఇంతవరకు నాకు ఎవరూ అనలేదు.

తరవాత ఫోను తీసుకున్నాను. కోడలు కొడతానంది, ఇవ్వలేదు. పక్కన కూర్చుని చూడమన్నాను. రెండుసార్లు ఆగండి అంది. ఆగాను. ఒకసారి అక్కర్లేకుండా కూడా ఆగండి అంది, భయానికి. అదీ ఆగాను. మధ్యాహ్నం దాటింది. పంపిన మాటలు ఇవి.

అక్కా,

రావద్దు అని నేను రాయలేదు. రావచ్చు అని రాయబోయి అలా రాశాను. చ్చకీ ద్దకీ తేడా నిన్నటిదాకా నాకు తెలియదు. నవ్వాలనుంటే నవ్వుకో. సోమవారం ఫోనులో అన్న మాట కూడా నువ్వు రావచ్చు అనే.

ముందు గది ఖాళీ చేయించాను. మంచం కిటికీ దగ్గర వేయించాను. స్పాంజి నేనే కోశాను, మెత్తగా ఉంటుంది. నా కోడలు మంచి పిల్ల, ఈ ఉత్తరం తప్పులు చూసింది ఆ పిల్లే. లాడ్జి గది వద్దని చెప్పెయ్యి.

బడి నుంచి తీసుకొచ్చావు, మళ్ళీ ఎందుకు నేర్పలేదు అని ఇప్పుడు అడగను. వచ్చాక అడుగుతాను. గొంతు లేదని తప్పించుకోలేవు. రాసి చెప్పాలి. నేను మెల్లగా చదువుకుంటాను. ఎన్నాళ్ళు పట్టినా కూర్చుంటాను, ఆరు వారాలు ఉన్నాయి.

నీకు సోమవారం కరెంటు మొదలు. కాబట్టి ఆదివారం చీకటి పడేలోపల నాకు జవాబు రావాలి. ఏ బస్సుకి వస్తున్నావో రాయి. మావాడు బండి తీసుకుని వస్తాడు, వాడితో నేనూ వస్తాను. సరే అని ఊరికే ఒక్క మాట రాస్తే ఒప్పుకోను, అలాంటి సరే నిన్న ఒకటి పంపావు. ఫోను ఆపేసుకుని కూర్చున్నా ఒప్పుకోను. జవాబు రాకపోతే ఆ లాడ్జి మెట్ల మీద నేనుంటాను, నలుగురూ చూసినా లేవను. ఆదివారం. చీకటి పడేలోపల.